తాళం వేసిన డ్రైవరు!

లైనక్స్ ఉన్న కంప్యూటరుకి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొని బిగిస్తారు. ఆన్ చేస్తే తెర మీద బొమ్మ వస్తుంది... కానీ అక్షరాలు లావుగా, మసకమసకగా! కార్డులో లోపమేం లేదు. దానితో మాట్లాడే భాష ఆపరేటింగ్ సిస్టమ్‌కి తెలియదు, అంతే. ఆ ఇద్దరికీ మధ్య దుబాసీ పని చేసే ప్రోగ్రామే డ్రైవరు.

లైనక్స్‌కి గుండెకాయ కెర్నెల్. ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దాన్ని రాయడం మొదలుపెట్టి, మరుసటి ఏడాది జీపీఎల్ అనే లైసెన్సు కిందికి తెచ్చారు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదాన్ని ఇతరులకిస్తే మాత్రం సోర్స్ కోడ్ కూడా అదే షరతు మీద ఇచ్చి తీరాలి. డ్రైవరు కెర్నెల్‌తో కలిసే నడుస్తుంది. మరి దానికీ ఇదే నియమమా? పేచీ అంతా ఇక్కడే!

గ్రాఫిక్స్ చిప్పుల కంపెనీ ఎన్విడియా ఏళ్ల తరబడి డ్రైవరు అసలు భాగాన్ని తాళం వేసే ఇచ్చింది. దాన్ని కెర్నెల్‌కి అతికించే పలచని పొర మాత్రం ఎవరైనా చదవొచ్చు. ఆ అతికింపు జరిగేది కొనుక్కున్నవారి కంప్యూటర్లో. జీపీఎల్ షరతు పంపిణీకే గానీ సొంత వాడకానికి కాదు కదా అన్నది ఈ పద్ధతిని సమర్థించేవారి వాదన. తెలివైన వాదనే!

కెర్నెల్ రాసేవాళ్లూ తక్కువ తినలేదు. 2001 నుంచి ప్రతి మాడ్యూలూ తన లైసెన్సేమిటో చెప్పుకోవాలన్నారు. తాళం వేసినదాన్ని లోపలికి రానిస్తే, కెర్నెల్ తనకు మైల అంటినట్టు గుర్తు వేసుకుంటుంది. ఆ గుర్తుతో ఫిర్యాదు పంపితే, ముందు ఆ డ్రైవరు తీసేసి చూడమంటారు. లోపల ఏముందో కనపడనిదాన్ని బాగుచేయడమెలా?

మైల తప్పించుకోవడానికి 2004లో లైనక్సాంట్ అనే మోడెమ్ డ్రైవర్ల కంపెనీ చేసిన పని చూడండి. లైసెన్సు వాక్యంలో 'జీపీఎల్' అన్న మాట పక్కనే కంటికి కనపడని సున్నా పెట్టింది. సున్నా వచ్చిందంటే వాక్యం అయిపోయినట్టే కెర్నెల్‌కి. 'జీపీఎల్' వరకూ చదివి సరేననుకుంది! ఆ తర్వాత ఉన్న షరతులు దాని కంట పడలేదు. పదేపదే వచ్చే హెచ్చరికలతో వాడేవాళ్లు గందరగోళపడుతున్నారని కంపెనీ చెప్పుకొచ్చింది. వినడానికి బాగానే ఉంది.

గొడవ మర్యాద గీత కూడా దాటింది. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో ఎన్విడియా గురించి ఓ మహిళ అడిగితే, టోర్వాల్డ్స్ కెమెరా వైపు మధ్యవేలు చూపించారు. తాము ఎదుర్కొన్న కంపెనీల్లో అదే అధ్వానం అన్నారు. పోటీదారు ఏఎండీ 2007 నుంచే తన రేడియాన్ చిప్పుల వివరాలు బయటపెట్టడం మొదలెట్టింది మరి.

పదేళ్లకి, 2022 మేలో, ఎన్విడియా మెత్తబడింది. కెర్నెల్‌లో నడిచే భాగం సోర్స్ కోడ్‌ని జీపీఎల్, ఎంఐటీ లైసెన్సుల కింద బయటపెట్టింది. అలాగని తాళాలన్నీ ఊడిపోలేదు. కార్డు మీదే ఉండే చిన్న ప్రాసెసర్‌కి చాలా పని అప్పగించింది. అందులో నడిచే ఫర్మ్‌వేర్ రహస్యమే. బొమ్మలు గీసే లైబ్రరీలూ అంతే. పైగా ఈ ఏర్పాటు 2018లో వచ్చిన ట్యూరింగ్ తరం నుంచే. అంతకుముందు కార్డులు కొన్నవాళ్లకి పాత తాళమే దిక్కు. కంపెనీ వాటిని పట్టించుకోవడం మానేస్తే, కొత్త కెర్నెల్‌కి తగ్గట్టు ఆ డ్రైవరు లోపలి భాగాన్ని మార్చే అవకాశం బయటివాళ్లకి లేదు.