సూర్యకిరణం నేర్పే వాస్తుపాఠం

ఆలయమంటే కేవలం రాళ్ల పేర్పు కాదు. దిక్కును, కాలాన్ని, కొలతను ఒక్కచోట కూర్చిన శాస్త్రం. ఈ సత్యాన్ని కళ్లారా చూడగోరే పాఠకులు మార్చి నెలలో సూర్యపూజ వేళకు మా సత్యవేడు నియోజకవర్గంలోని నాగలాపురం రావాలి. శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి నాగలాంబ పేరిట వెలయింపజేసిన ఊరుగా ఇది ప్రసిద్ధం. ఇక్కడ పశ్చిమాభిముఖుడైన శ్రీ వేదనారాయణస్వామిని సాయంసూర్యుని కిరణాలు మూడు దినాలు సేవిస్తాయి. తొలినాడు పాదాలను, మలినాడు నాభిని, మూడవనాడు శిరస్సును స్పృశిస్తాయి.

గోపురం మొదలు గర్భాలయం వరకు ద్వారాలన్నీ ఒకే సూత్రంలో నిలిచినందువల్లనే ఇది సాధ్యమైంది. విషువత్తు సమీపంలో సూర్యుని క్రాంతి రోజుకు సుమారు 0.4 డిగ్రీలు మారుతుంది. ద్వారబంధం కొంచెం పక్కకు జరిగినా కిరణం దారి తప్పుతుంది.

ఈ గణితాన్ని నేటి వాస్తువిద్యార్థికి బోధించేదెలా? బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అనే కంప్యూటర్ విధానం అందుకు చక్కని సాధనం. ఇందులో గీసేది ఉత్త గీతలు కావు. అధిష్ఠానం, పాదం, ప్రస్తరం, గ్రీవం, శిఖరం, స్తూపి అనే ఆరంగాలనూ వేర్వేరుగా, వాటి కొలతలతో, శిలాజాతితో సహా నిర్మించవచ్చు. ఒకచోట కొలత మారిస్తే పటాలన్నింటిలోనూ మారుతుంది. అక్షాంశం, దిక్కు, తేదీ, వేళ చెబితే ఎండనీడలు తెరపై కనబడతాయి. ద్వారాన్ని జరిపి, కిరణం ఎక్కడ ఆగిపోయిందో విద్యార్థియే చూసుకోగలడు.

మరొక ప్రయోజనమూ ఉంది. 1516లో రాయలు కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. 2017 నాటికి నూతన గోపురం వెలసింది. పారిస్‌లోని నోత్రదామ్ ప్రార్థనామందిరం 2019లో అగ్నిప్రమాదానికి లోనైనప్పుడు, అంతకుముందే లేజరుతో తీసి ఉంచిన కొలతలు పునర్నిర్మాణానికి తోడ్పడ్డాయి. మన ప్రాచీనాలయాలకూ అట్టి కొలతల భాండాగారం అవసరం.

అయితే ఒక్క మాట. యంత్రం మనమిచ్చిన అంకెనే నమ్ముతుంది. తప్పు అంకె ఇస్తే తప్పునే అందంగా చూపుతుంది. రాతి గుణం ఉలి పట్టిన చేతికే తెలుస్తుంది. అందుకే వాస్తువిద్యార్థులు తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శిల్పవిద్యాలయం వంటి చోట్ల స్థపతుల చెంత కూడా కూర్చోవాలి. దేవస్థానం అనుమతితో కొలతలు తీసుకుని నమూనా చేయాలి. పిదప సూర్యపూజనాడు స్వయంగా వచ్చి సరిచూసుకోవాలి. తెరపై కిరణానికీ, గుడిలో కిరణానికీ భేదముంటే గుడియే ప్రమాణం, దిద్దుకోవలసింది నమూనాను.

ధర్మకర్తలకూ, దాతలకూ మా విన్నపం ఒకటే. ప్రాచీనాలయం ముంగిట చిన్న రేకుల పందిరి వేయదలచినా, ముందుగా దానిని నమూనాలో వేయించి చూడండి. తరతరాలుగా స్వామిని సేవిస్తున్న వెలుగుకు మన భక్తి అడ్డు కాకూడదు.