పురజనుల తృప్తికి తూనిక యేది?

పతంజలి మహర్షి సంతోషమును నియమములలో నొకటిగా లెక్కించెను. యోగసాధకునకు అది భూషణమే. కాని కుళాయి యెదుట బిందె పెట్టుకొని కాచియున్న గృహిణికి ఆ గుణమే పరమశత్రువు కావచ్చును. ఇరువది సంవత్సరములు చేదబావి నీరు మోసిన యామె, దినము విడిచి దినము గంటసేపు కుళాయినీరు వచ్చిన చాలు, తృప్తిగనే యున్నదని చెప్పును. పెద్ద నగరమునుండి బదిలీయై వచ్చిన యుద్యోగి ప్రతిదినము రెండు గంటలు నీరు వచ్చినను గొణుగుచునే యుండును. ఈ యిద్దరి మాటలను కూడి రెంటిచే భాగించినచో వచ్చు అంకె దేనిని తెలుపును? నీటి సరఫరానా, మనుష్యుల యోర్పునా?

ఈ ప్రశ్న చెన్నూరు వంటి పురములకు మిక్కిలి ముఖ్యమైనది. గోదావరి ఉత్తరవాహినియై ప్రవహించు పుణ్యస్థలముగను, అగస్త్యేశ్వరాలయముగల క్షేత్రముగను ప్రసిద్ధిగాంచిన యీ ఊరు 2016 అక్టోబరులో ఆదిలాబాదు జిల్లానుండి విడివడి నూతన మంచిర్యాల జిల్లాలో చేరినది. 2018లో గ్రామ పంచాయతి పోయి పురపాలక సంఘము వచ్చినది. 2020 జనవరి 22న ప్రజలు తమ వార్డు సభ్యుల నెన్నుకొనిరి. రెండు సంవత్సరములలో జిల్లా మారినది, ఊరి హోదా మారినది. కాలువ మారినదా? వీధిదీపము మారినదా? రాత్రివేళ ప్రసవవేదనపడు స్త్రీకి వైద్యసహాయము దొరకు వ్యవధి మారినదా? హోదాకు పౌరుడు పన్ను చెల్లించుచున్నాడు గనుక ఈ లెక్క యడుగుటకు అతనికి సంపూర్ణాధికారము గలదు.

ఇదే శాసనసభా నియోజకవర్గములోని మందమర్రి సంగతి మరింత విచిత్రము. వ్యాజ్యములచిక్కులవలన 2020లో అచ్చట పురపాలక ఎన్నికలే జరుగలేదు. అసంతృప్తిని వోటుద్వారా తెలుపుకొను మార్గమైనను లేనిచోట ప్రజల మాటను శాస్త్రీయముగా సేకరించుట పండితుల వినోదము గాదు.

కేంద్రప్రభుత్వమువారు నగరజీవన సౌలభ్యమును కొలుచు పనికి పూనుకొని 2018లో ఒక సూచికను, 2021 మార్చిలో మరియొక సూచికను ప్రకటించిరి. రెండవదానిలో నూటికి 30 పాళ్ళు పౌరుల యభిప్రాయమునకు కేటాయింపబడినవి. 32 లక్షలకు పైగా జనులు సమాధానములిచ్చిరి. శ్లాఘనీయమే. కాని లెక్కకెక్కిన నగరములు 111 మాత్రమే. తెలంగాణమునుండి హైదరాబాదు, వరంగల్లు, కరీంనగరము అందు చేరినవి. చెన్నూరువంటి చిన్న పురములకు ఆ పట్టికలో తావు లేదు. నూరు పెద్దనగరముల సుఖదుఃఖములనుబట్టి వేలకొలది చిన్న పట్టణముల సుఖదుఃఖముల నూహించుట, రాజవీధిని చూచి ఊరిని వర్ణించుట వంటిది.

చిన్న పురములకును తావున్నది స్వచ్ఛ సర్వేక్షణము. 2016లో 73 నగరములతో ఆరంభమైన యీ పరీక్ష క్రమముగా దేశములోని పురపాలక సంఘములనన్నిటిని ఆవరించినది. ఇందును పౌరుల యభిప్రాయమునకు మార్కులు గలవు. చిక్కంతయు అచ్చటనే. మార్కులు పొందవలసిన సంస్థయే, మాకు మంచి మాట పలుకుడని జనులను ప్రోత్సహించు నవకాశ మేర్పడినది. పరీక్షకు కూర్చున్న విద్యార్థియే పరీక్షాధికారులను సమకూర్చుకొన్నట్లున్నది! అదియుగాక సెల్‌ఫోనులో ప్రశ్నను చదివి జవాబు నొక్కగలవాడెవడు? చదువరి. కల్లుపాకచెంతనున్న మురుగుగుంట ప్రక్కన నివసించు వృద్ధురాలు గాదు.

ఈ విషయమున బెంగుళూరు మనకు మంచి పాఠము చెప్పినది. 1994లో శామ్యూల్ పాల్ అను విద్వాంసుడును ఆయన సహచరులును ఏ ప్రభుత్వ కార్యాలయముయొక్కయు ఆజ్ఞకై వేచియుండక, ఆ నగర గృహస్థుల నడిగి ప్రజాసంస్థలకు మార్కుల పత్రము తయారుచేసిరి. మురికివాడల కుటుంబములను వేరుగా ప్రశ్నించిరి. సంస్థలన్నిటి సగటు చూడగా తృప్తిచెందినవారు నూటికి 9 మంది. నగరాభివృద్ధి సంస్థపట్ల తృప్తి నూటికి ఒక్కరికే! మీరు సంతోషముగా నున్నారా యని మాత్రమే యడిగి వారు విడువలేదు. పని పూర్తియగుటకు ఎన్నిమారులు తిరిగితిరి, లంచ మిచ్చితిరా యని కూడ నడిగిరి. పత్రికలు ఆ మార్కులను ఇంటింటికి చేర్చినవి. కొందరధికారులు పెడచెవిని పెట్టిరి. కాని అందరికంటె తక్కువ మార్కులు వచ్చిన నగరాభివృద్ధి సంస్థ యధికారియే మొదట సలహా కోరెనని చెప్పుదురు. 1999లోను 2003లోను మరల కొలిచిరి. సగటు మొదట 34కును, పిదప 49కిని పెరిగినది. దీనికి కారణము మార్కులపత్ర మొక్కటియే యనలేము. రాష్ట్రప్రభుత్వపు సంస్కరణలు గూడ తోడ్పడినవి. అయినను ఒకే ప్రశ్నను ఒకే తీరున మూడుమారు లడిగినందుననే ఆ మార్పు కంటికి కనబడినది.

చెన్నూరునకు అంత పెద్ద యేర్పాటు అక్కరలేదు. 2019 నాటి తెలంగాణ పురపాలక శాసనము ననుసరించి ప్రతివార్డునకును యువకులు, స్త్రీలు, వృద్ధులు, ప్రముఖులు అను నాలుగు సంఘములు, ఒక్కొక్కదానిలో 15 మంది చొప్పున, ఏర్పడవలసియున్నవి. అరువదిమందియు సభలందు కుర్చీలు నింపుటకు మాత్రమేనా? స్త్రీల సంఘమువారు వీధికి పదియిండ్లను ముందుగా చీట్లువేసి యెన్నుకొని, వారమునకు నీరు ఎన్నిదినములు వచ్చినది, ఏ వేళకు వచ్చినది, చెత్తబండి ఎన్నిమారులు వచ్చినది, కాలువ తీసి ఎన్నినాళ్లైనది, ఫిర్యాదు చేసిన ఎన్ని దినములకు జవాబు వచ్చినది, అని వ్రాసికొనవచ్చును. తృప్తిని గూర్చిన ప్రశ్న కడపట నడుగవలెను. అప్పుడు, నీరు రెండుదినములే వచ్చినను తృప్తిగా నున్నామను ఇండ్లెన్నియో తెలియును. ఆ యిండ్ల సంఖ్య అధికారులకు ప్రశంసాపత్రము గాదు. ఆశ చచ్చిన వీధి యెచ్చటనున్నదో చూపు దిక్సూచి.

ఏటికి రెండుమారులు, వర్షములకు ముందొకమారు, తరువాత నొకమారు, కొలువవలెను. 2022 జూలైలో గోదావరి పొంగి ఈ తీరమును పెట్టిన యిక్కట్లు మరువరానివి. ఎండకాలమున అడిగి, కాలువలు బాగున్నవనుకొనుట ఆత్మవంచన. ఎన్నికైన తొలి పాలకవర్గపు గడువు 2025 జనవరిలో ముగిసినది. పాలించువారెవరైనను సరే, ఫలితములను వార్డు వార్డుగా తెలుగున వ్రాసి పురపాలక కార్యాలయపు గోడపై అంటింపవలెను. సమాధానమిచ్చిన గృహిణి దానిని తన కన్నులతో చూడవలెను. తెల్లవారకమునుపే చీపురు పట్టి ఆ గోడముందు ఊడ్చు పారిశుద్ధ్య కార్మికులును ఈ పురవాసులే గదా. వారి వీధికి నీరెన్నడు వచ్చుచున్నదో, వారి జీతమెన్నడు చేతికందుచున్నదో గూడ ఆ పట్టికలో నొక వరుసయై యుండవలెను.