నోటి పొత్తిళ్ళలో మీనశిశువులు

పోతన భాగవతం అష్టమ స్కంధంలో సత్యవ్రతుడనే రాజు నదిలో తర్పణం విడుస్తుండగా ఒక చిన్న చేపపిల్ల అతని దోసిట్లోకి వస్తుంది. తిరిగి నీటిలో వదిలితే పెద్ద చేపలు మింగుతాయని, తనను కాపాడమని వేడుకుంటుంది. రాజు దానిని కమండలంలో ఉంచుతాడు. అది చాలక పెద్ద పాత్రలోకి, మడుగులోకి, సరస్సులోకి, చివరకు సముద్రంలోకి మార్చవలసి వస్తుంది. ఆ చేప సాక్షాత్తు విష్ణువు కనుక దాని పెరుగుదలను పాత్రలు ఓపలేకపోయాయి. ఇంట్లో గాజు తొట్టెలో చేపలను పెంచేవారికి మాత్రం కథలోని మొదటి చిక్కే ఎదురవుతుంది. పుట్టిన పిల్లను పెద్ద చేప నోట పడకుండా కాపాడటమెలా?

చేపల్లో అధికభాగం వేలకొద్దీ, లక్షలకొద్దీ గుడ్లు పెట్టి వాటిని నీటికి వదిలివేస్తాయి. పిల్లలను కనిపెట్టుకొని ఉండేవి కొన్నే. ఖమ్మం ప్రాంతపు చెరువుల్లో పెరిగే కొర్రమీను అటువంటిది. తెలంగాణ పల్లెల్లో దీనినే కొర్రమట్ట అంటారు. ఎర్రని పిల్లల గుంపు నీటిపైన కదులుతుంటే తల్లిదండ్రులు దాని కిందనే కావలి తిరుగుతాయి. పక్షి స్పర్శతో, తాబేలు తలపుతో, చేప చూపుతో పిల్లలను పెంచుతాయని పెద్దలు చెప్పిన మాట కొర్రమీను విషయంలో చాలావరకు చెల్లుతుంది. అయితే ఈ వాత్సల్యమే దానికి ముప్పు కూడా. పిల్లల గుంపు కనిపించినచోట తల్లి ఉంటుందని ఎరిగిన వేటగాడు అక్కడనే గాలం వేస్తాడు. తల్లి చిక్కిన తరువాత ఆ పిల్లలకు దిక్కుండదు.

చూపుతో తృప్తి పడక పిల్లలను ఏకంగా నోటిలోనే దాచుకొనే చేపలు మరికొన్ని ఉన్నాయి. 1952లో మన దేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియాలో ఈ బాధ్యత తల్లిది. పిల్లలు బయటికి వచ్చాక కూడా ప్రమాదం తోస్తే తిరిగి తల్లి నోటిలోకి దూరుతాయి. భద్రాచలం దాటిన గోదావరి పాపికొండల నడుమ సాగి సముద్రాన్ని చేరేచోట, ఉప్పునీటి జెల్ల జాతుల్లో ఈ భారం తండ్రిది. గోలీలంత గుడ్లను నోట కరచుకొని, అవి పొదిగి పిల్లలు ఈదగలిగేదాకా వారాల తరబడి ఆ చేప ఆహారం ముట్టదు.

ఇంటి తొట్టెలో పెంచదగిన సముద్రపు చేపల్లో ఈ గుణానికి పేరుపొందినది బంగాయ్ కార్డినల్ చేప. ఇండోనేషియాలోని సులవేసి సమీపాన గల బంగాయ్ దీవులు దీని స్వస్థలం. వెండి ఒంటిమీద నల్లని పట్టీలు, తెల్లని చుక్కలతో ఉండే ఈ చేప అరచేతికన్న చిన్నది. ఆడచేప గుడ్లు విడిచిన వెంటనే మగచేప వాటిని నోట చేర్చుకుంటుంది. గుడ్లు పొదగడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. ఆపైన మరికొన్ని రోజులు పిల్లలు తండ్రి నోటిలోనే ఉంటాయి. అన్ని రోజులూ తండ్రికి ఉపవాసమే. ఇతర కార్డినల్ చేపల కూనలు కంటికి ఆననంత చిన్నవై, అలలవెంట కొట్టుకుపోతాయి. ఇది మాత్రం తల్లిదండ్రుల పోలికలోనే ఉన్న కొద్దిపాటి పిల్లలను బయటికి విడుస్తుంది. దూరతీరాలకు వ్యాపించలేని జాతి కావడంతో, 1990ల మధ్య నుండి విపణి కోసం లక్షల సంఖ్యలో పట్టినపుడు దానికి పెద్ద దెబ్బ తగిలింది. 2007లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దానిని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. సముద్రంలో పట్టిన చేపను గాక, తొట్టెల్లో పుట్టి పెరిగిన చేపనే కొనాలని జాగ్రత్త తెలిసిన పెంపకందారులు పట్టుబట్టడానికి కారణమిదే.

సముద్రం కానరాని ఖమ్మం వంటి చోట ముందు నీటినే తయారుచేసుకోవాలి. వంట ఉప్పు ఇందుకు పనికిరాదు. తొట్టెల కోసం ప్రత్యేకంగా అమ్మే సముద్ర లవణ మిశ్రమాన్ని, క్లోరిన్ తొలగించిన నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున కలుపుతారు. అసలు పరీక్ష వేసవిలో వస్తుంది. కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాల్లో మే నెల ఎండ 45 డిగ్రీలను తాకే రోజులుంటాయి. ఈ చేపకు నీరు 25 నుండి 28 డిగ్రీల మధ్య ఉండాలి. నీరు వేడెక్కినకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. కరెంటు పోయి గాలిబుడగల యంత్రం ఆగితే గుడ్లను మోసే మగచేపే ముందు అలసిపోతుంది. ఇంకొక పొరపాటు కూడా తరచు జరుగుతుంది. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. తగ్గిన మేరకు మంచినీరు పోయకుండా ఉప్పునీరే పోస్తే తొట్టెలో ఉప్పదనం నానాటికీ పెరిగిపోతుంది.

గొంతు ఉబ్బి, మేతకు ముఖం తిప్పుకొన్న మగచేపను చూసి జబ్బు చేసిందనుకొని కంగారుపడనక్కరలేదు. వలతో తరిమితే బెదిరి గుడ్లను ఉమ్మివేయవచ్చు, మింగివేయవచ్చు కూడా. పిల్లలు బయటికి వచ్చే రోజు దగ్గరపడేలోగా దానిని నీటితో సహా ఒక గిన్నెలోకి మెల్లగా తీసుకొని వేరే తొట్టెలో విడవడం మేలు. ఎందుకంటే, నెలరోజులు పస్తుండి కాపాడిన తండ్రే పిల్లలను విడిచాక వాటిని తిరిగి నోట చేర్చుకోదు. ఆకలిమీద తినివేసినా ఆశ్చర్యం లేదు. కనుక పిల్లలు బయటపడగానే తండ్రిని పాత తొట్టెకు మార్చి, రెండుమూడు రోజులు ఒంటరిగా ఉంచి కడుపునిండా మేపాలి. వెంటనే ఆడచేపతో కలిపితే మళ్ళీ గుడ్లు నోట పట్టి మరింత చిక్కిపోతుంది.

పిల్లలకు పొడి మేత పనికిరాదు. కదిలే మేతనే అవి గుర్తిస్తాయి. ఆర్టీమియా అనే సూక్ష్మమైన రొయ్యజాతి గుడ్లను ఉప్పునీటిలో వేసి గాలి ఆడనిస్తే సుమారు ఒక దినంలో పొదుగుతాయి. అప్పుడే పొదిగినవాటిని రోజుకు రెండుమూడు సార్లు వేయాలి. ఆలస్యమైతే వాటిలోని పోషకాలు తగ్గిపోతాయి. వడపోత యంత్రం మూతికి స్పాంజి తొడగకపోతే పిల్లలు దానిలోకి లాగబడతాయి. సముద్రంలో ఈ పిల్లలు, ఒళ్ళంతా పొడవాటి నల్లని సూదులు మొలిచినట్లుండే సీ అర్చిన్ జీవి ముళ్ళ నడుమ తలదాచుకుంటాయి. తొట్టెలో దానిని పెంచలేనివారు, తీగలు బిగించే నల్లని ప్లాస్టిక్ పట్టీలను ఒక బంతికి అన్నివైపులా గుచ్చి నీటి అడుగున ఉంచుతారు. దీపం వెలిగించగానే పిల్లలన్నీ ఆ ముళ్ళలోకి దూరి, కాసేపటికి ఒక్కొక్కటే బయటికి వచ్చి మేత కోసం చూస్తాయి.