ఒకే మొక్క, కాయకో కారం

అమెరికాలో తెలుగువాళ్ళ పెరళ్ళలో గోంగూర, బెండ, ఆనపపాదుల పక్కన ఈమధ్య కొత్త చుట్టాలు చేరాయి. కారోలినా రీపర్, ట్రినిడాడ్ స్కార్పియన్, మన అస్సాం, నాగాలాండ్ వైపు నుంచి వచ్చిన భూత్ జొలోకియా. గుంటూరు కారం తిని పెరిగినవాళ్ళం కదా, ప్రపంచంలోకెల్లా కారం మిరపకాయ అంటే ఒకసారి చూద్దామనిపించడం సహజమే. అయితే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఏ విందుకి వెళ్ళినా ఒకే గొడవ వినిపిస్తుంది. "ప్యాకెట్టు మీద 22 లక్షలని రాశాడు, తీరా చూస్తే మామూలు పచ్చిమిరపకాయలా ఉంది" అని ఒకరంటారు. అదే ప్యాకెట్టులో సగం గింజలు తీసుకున్న ఇంకొకరు, "మాకు ముక్కు, చెవులు ఏకమయ్యాయి" అంటారు.

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. గింజలు అమ్మినవాడు మోసం చేశాడనుకోనక్కర్లేదు. మిరపలో కారం అనేది రకానికి అంటించిన ఒక స్థిరమైన అంకె కాదు. మొక్కమొక్కకీ, ఊరూరికీ, ఒక్కోసారి ఒకే కొమ్మ మీది రెండు కాయలకీ అది మారిపోతుంది. అలా ఎందుకు మారుతుందో తెలిస్తే కుతూహలం తీరడమే కాదు, వంటింట్లో ప్రమాదం కూడా తప్పుతుంది.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికన్ ఫార్మసిస్టు మిరప సారాన్ని పంచదార నీళ్ళలో కలిపి, నాలుకకి మంట తెలియకుండా పోయేదాకా పలచన చేస్తూ పోయాడు. ఎన్ని రెట్లు పలచన చెయ్యాల్సివస్తే అన్ని స్కోవిల్ యూనిట్లన్నమాట. ఇప్పుడు నాలుకతో పని లేదు. క్యాప్సైసిన్, దాని దగ్గర చుట్టాలైన రసాయనాలు కాయలో ఎంతున్నాయో యంత్రంతో కొలిచి, ఆ లెక్కని స్కోవిల్‌లోకి మారుస్తారు. శుద్ధమైన క్యాప్సైసిన్ 1 కోటి 60 లక్షలు. గుంటూరు సన్నం రకం సుమారు 35 నుంచి 40 వేలు.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. ఒకటి, ఈ లెక్క సాధారణంగా ఎండబెట్టిన కాయకి కడతారు. పచ్చికాయలో ఎక్కువ భాగం నీరే కనుక, కొరికినప్పుడు నోటికి తగిలే మోతాదు వేరు. రెండు, రికార్డు పుస్తకంలోది సగటు. 2017లో గిన్నిస్ వాళ్ళు రీపర్‌కి రాసిన అంకె 16,41,183. ప్యాకెట్ల మీద కనిపించే 22 లక్షలు ఎక్కడో ఒక్క కాయకి వచ్చిన గరిష్ఠం. సగటుకీ గరిష్ఠానికీ అంత తేడా ఉందంటే, సగటుకి బాగా దిగువన కూడా కాయలున్నాయనేగా అర్థం. ఆ దిగువ కాయ మీ పెరట్లో కాసిందంటే అందులో వింతేమీ లేదు.

ఇప్పుడు కాయలోకి వెళదాం. కారమంతా గింజల్లో ఉంటుందని మనలో చాలామంది నమ్మకం. కారం తయారయ్యేది గింజల్లో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి మెత్తటి పొరలో. గింజలకి దాన్ని ఆనుకుని ఉండడంవల్ల అంటుతుంది, అంతే. మిరపకాయ బజ్జీలకి కాయని చీల్చి లోపలిదంతా గీకేసేది ఇందుకే. కానీ ఈ ఉపాయం మహా కారం కాయల దగ్గర పారదు. వీటిలో తెల్లపొర మీదే కాక కాయ గోడ లోపలి వైపు కూడా కారం తిత్తులు ఏర్పడతాయని న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీ శాస్త్రజ్ఞులు 2015లో చూపించారు. అంటే లోపలిదంతా గీకేసినా గోడ మిగిలే ఉంటుంది.

ఇక తేడాలకి మొదటి కారణం విత్తనం. మిరప తన పుప్పొడితో తానే కాయగలదు. అయినా తేనెటీగలు ఊరుకోవుగా! పక్క మొక్క పుప్పొడి తెచ్చి అంటిస్తాయి. ఇక్కడ ఒక అపోహ ఉంది. బెల్ పెప్పర్ పక్కన నాటితే ఈ ఏటి రీపర్ కాయలు చప్పబడిపోతాయంటారు. అలా జరగదు. కారం చేసే పొర తల్లిమొక్క శరీరంలో భాగం, పుప్పొడి ప్రభావం లోపలి గింజ మీదే. తేడా కనిపించేది ఆ గింజ నాటినప్పుడు. కారం తయారీకి పన్1 అనే జన్యువు పనిచెయ్యాలి. బెల్ పెప్పర్లో అది పనిచెయ్యదు. ఈ రెండు జాతులు వేరైనా అప్పుడప్పుడు కలుస్తాయి. కలిస్తే పుట్టిన మొదటి తరంలో కారం ఉంటుంది. ఆ కాయల గింజలు మళ్ళీ నాటితే, లెక్క ప్రకారం నాలుగింట ఒక మొక్క పూర్తిగా చప్పగా ఉంటుంది. మిగతావాటిలో కూడా ఎంత కారమన్నది మరెన్నో జన్యువుల మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి ఒక్కో మొక్క ఒక్కోలా తేలుతుంది. పైగా రీపర్ స్వయంగా సంకరమే. నాగా రకాన్నీ, కరీబియన్ దీవి సెయింట్ విన్సెంట్ హాబనేరోనీ కలిపి, ఎన్నో తరాలు ఏరి ఏరి దాన్ని నిలబెట్టారు. అలా ఏరకుండా చేతులు మారిన గింజల్లో వైవిధ్యం ఎక్కువ.

రెండో కారణం నేల, గాలి, నీరు. దీనికి మన దేశంలోనే చక్కటి ఉదాహరణ ఉంది. అస్సాంలోని తేజ్‌పూర్‌లోనూ, మధ్యప్రదేశ్‌లోని గ్వాలియర్‌లోనూ పండించిన భూత్ జొలోకియాని పోల్చి 2005లో ఒక అధ్యయనం చేశారు. పొడి వాతావరణం ఉన్న గ్వాలియర్‌లో కారం సగానికి పైగా పడిపోయింది. రకం అదే, ఊరు మారింది, కారం సగమైంది! గమనించండి, నీళ్ళు తగ్గిస్తే కారం పెరుగుతుందని తోటమాలులు చెప్పే మాటకి ఇది ఎదురుగా ఉంది. ఆ మాట ఉత్తది కాదు. కొన్ని రకాల్లో నీటి కొరతవల్ల కారం పెరిగినట్టు పరిశోధనల్లో తేలింది. కాకపోతే అన్ని రకాలూ ఒకేలా స్పందించవు. తేమకి అలవాటుపడిన జొలోకియాని ఎండగట్టి లాభం పొందుదామనుకుంటే ఉన్న కాయలే రాలిపోవచ్చు.

మూడో కారణం ఒకే మొక్క లోపలిది. క్యాప్సైసిన్ పిందెలో ఉండదు. పువ్వు విచ్చిన మూడు వారాలకి అటూ ఇటుగా మొదలై, కాయ ముదిరేదాకా పెరుగుతుంది. ఆ తర్వాత మెల్లగా విరిగిపోవడం కూడా ఉంటుంది. అందుకే కోసిన రోజుని బట్టి తేడా. కాయ ఏ కణుపు దగ్గర కాసిందన్నదాన్ని బట్టి కూడా కారం మారుతుందని పరిశోధనల్లో తేలింది. ఈ రకాలకి ఎదుగుదల కాలం ఎక్కువ. నాటాక పండు మిరప చేతికి రావడానికి మూడు, నాలుగు నెలలు పడుతుంది. నేనుండే న్యూజెర్సీలో జూలై పిందెలు మంచి ఎండలో ముదురుతాయి. సెప్టెంబరు పిందెలు చలిలో, తక్కువ వెలుతురులో ముక్కుతూ మూలుగుతూ పండుతాయి. నాలుగేళ్ళుగా మా కుండీల్లో నాకు కనిపిస్తున్న తేడా ఇదే. కొలిచింది నాలుకే కనుక దీన్ని రుజువు అనను.

ఇంతకీ దీనివల్ల ఒరిగేదేమిటి? మొదటి కాయ మెత్తగా ఉంటే రెండోది కూడా అలాగే ఉంటుందని అనుకోకూడదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. కొస కొరికి చూసి "పరవాలేదు" అని తక్కినది పప్పులో వేసెయ్యకూడదు. కారం పొర దట్టంగా ఉండేది తొడిమ వైపు. పందేలు అసలే వద్దు. న్యూయార్క్ రాష్ట్రంలో పందెంలో ఒకే ఒక్క రీపర్ తిన్న 34 ఏళ్ళ మనిషికి భరించలేని తలనొప్పి వచ్చి, పరీక్షిస్తే మెదడు రక్తనాళాలు కుంచించుకుపోయి కనిపించాయని 2018లో వైద్య పత్రికలో వచ్చింది. అదృష్టవశాత్తూ అవి మళ్ళీ మామూలయ్యాయి. పిల్లలున్న ఇంట్లో ఈ కాయల్ని మందుల సీసాల్లా చూసుకోవాలి.

కాయకో కారమున్నప్పుడు వంట ఎలా అంటారా? దీనికి తేలికైన ఉపాయం సగటు. కాయల్ని విడివిడిగా వాడకండి. బాగా పండిన పాతిక, ముప్పై కాయలు ఎండబెట్టి ఒకేసారి పొడి కొట్టండి. ఎక్కువా తక్కువా కలిసిపోయి డబ్బా అంతా ఒకే కారం అవుతుంది. ఆ డబ్బాని ఒక్కసారి పరీక్షించుకుంటే చాలు. కిలో పండుమిరప పచ్చడికి పావు చెంచాతో మొదలుపెట్టి, అవసరమైతే పెంచుకోండి. చేతులకి గ్లౌజులు తప్పనిసరి. పొడి కొట్టడం పెరట్లో పెట్టుకోండి. తిరగమోతలో వేశారా, ఇల్లంతా దగ్గే. నోరు మండితే నీళ్ళు తాగి లాభం లేదు, క్యాప్సైసిన్ నీళ్ళలో సరిగ్గా కరగదు. పాలు, పెరుగు మేలు. మన భోజనం పెరుగన్నంతో ముగియడం ఇక్కడ బాగా కలిసొస్తుంది.

గింజలు దాచుకునేవాళ్ళకి ఒక్క మాట. కారం బాగున్న మొక్క మీద, పువ్వు విచ్చకముందే పల్చటి గుడ్డ సంచీ కట్టండి. కాయ నిలిచాక సంచీ తీసేసి ఆ కాయకి దారం కట్టి గుర్తు పెట్టుకోండి. ఎవరికైనా గింజలు పంచేటప్పుడు కవరు మీద రకం పేరు, ఏడాది, సంచీ కట్టిన కాయవో కాదో రాసివ్వండి. 22 లక్షలన్న అంకె కన్నా ఆ ఒక్క వాక్యమే తీసుకున్నవాళ్ళకి ఎక్కువ పనికొస్తుంది.