చిన్న కొట్టు నిలబడాలంటే

పొగాకు వేలం కేంద్రానికి, మిర్చి గుంటూరు యార్డుకు చేరితే గానీ మన పొదిలి చుట్టుపక్కల పల్లెల్లో చేతికి డబ్బు ఆడదు. అంతవరకూ ఇళ్ళు గడిచేది కిరాణా కొట్టు ఖాతా మీదనే. అందుకే అరువివ్వని కొట్టుకు జనం రారు. లెక్కలేకుండా అరువిచ్చిన కొట్టు నిలవదు.

మా బడి పిల్లల తండ్రుల్లో తోపుడుబండ్ల వారు, టీ కొట్ల వారు చాలామంది. బేరం లేక మూతబడిన కొట్లకంటే అప్పు మింగేసిన కొట్లనే మేము ఎక్కువ చూశాము.

డైలీ ఫైనాన్సు లెక్క చూడండి. 10,000 రాసుకుని 9,000 చేతిలో పెడతారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. పోయేది వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తరుగుతుంది కనుక సగటున మన దగ్గర ఉండేది అందులో సగమే. అంటే నెలకు నూటికి ఆరు రూపాయలకు పైనే వడ్డీ!

పట్టణ వీధి వ్యాపారుల కోసం 2020లో పీఎం స్వనిధి పథకం వచ్చింది. హామీ లేకుండా తొలి రుణం 10,000 ఇచ్చారు. సక్రమంగా కట్టినవారికి 20,000, ఆపై 50,000. వడ్డీలో 7 శాతం రాయితీ.

ఇక మన చేతిలో ఉన్నవి మూడు. గల్లా డబ్బు, ఇంటి డబ్బు వేరుగా ఉంచాలి. అరువును కొట్టు పుస్తకంలోనూ, కొన్నవారి పుస్తకంలోనూ అప్పుడే రాయాలి. తూకం తగ్గించకూడదు. చిన్నపిల్లను పంపినా సరైన తూకమే వస్తుందన్న నమ్మకం ఉంటే, ఆ ఇల్లు ఇంకో కొట్టు మెట్టెక్కదు.