సంభాషణకు గుర్తులు: మాట ఎక్కడ మొదలైంది?

ఈ వాక్యం చదవండి.

పెద్దన్న బోరు ఎండిపాయ అన్నాడు.

ఇక్కడ మాట్లాడుతున్నది ఎవరు? ఈ వాక్యానికి రెండు విధాలుగా గుర్తులు పెట్టవచ్చు.

1. పెద్దన్న “బోరు ఎండిపాయ” అన్నాడు.
2. “పెద్దన్న బోరు ఎండిపాయ” అన్నాడు.

మొదటి దానిలో పెద్దన్నే మాట్లాడుతున్నాడు. రెండవ దానిలో అతని బోరు గురించి మరొకరు చెబుతున్నారు. అనంతపురం కరువు కథలో నష్టపోయిన రైతు గొంతూ, పొరుగువాడి గొంతూ ఒకటి కావు.

తెలుగులో ‘అని’, ‘అన్నాడు’ వంటి పదాలు మాట ముగిసిన చోటును తెలుపుతాయి. మొదలైన చోటును తెలుపవు. ఆ లోటును ఉద్ధరణ చిహ్నాలు తీరుస్తాయి. తాళపత్రాలలో లేని ఈ చిహ్నాలు అచ్చుతోపాటు ఇంగ్లీషు ప్రభావంతో మనకు వచ్చాయి.

గుర్తుంచుకోవలసిన అంశాలు:

1. ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం చిహ్నాల లోపలే ఉండాలి: “యాడికి పోతావప్పా?” అని అడిగాడు.

2. పరోక్ష కథనంలో ఉద్ధరణ చిహ్నాలు, ప్రశ్నార్థకం అక్కరలేదు: ఎక్కడికి పోతావని అడిగాడు. ‘యాడికి’ అన్న పాత్ర మాట ఇక్కడ రచయిత భాషలోకి మారింది. సింగమనేని నారాయణ వంటి సీమ కథకులను చదివేటప్పుడు ఈ తేడాను గమనించండి.

3. ‘అన్నాడు’కు ముందు పూర్ణవిరామం అవసరం లేదు, వాక్యం ఇంకా ముగియలేదు.

4. మాట్లాడే వ్యక్తి మారితే కొత్త పేరా మొదలుపెట్టాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

‘రంగమ్మ కొడుకు బెంగుళూరు పోయినాడు అనింది.’ ఈ వాక్యానికి రెండు విధాలుగా గుర్తులు పెట్టి, ఒక్కొక్క దానిలో మాట్లాడుతున్నది ఎవరో రాయండి.