ఇల్లు దాటిన పిల్లి

కుక్క మనుష్యుని నమ్ముకొని బ్రతుకును. పిల్లి ఇంటిని నమ్ముకొని బ్రతుకును. ఇల్లు మారినప్పుడు కుక్క బండి వెంట పరుగెత్తుకొని వచ్చును. పిల్లియో, క్రొత్త యింట విడిచినను పాత యింటి చూరునే వెదకికొనుచు మరలిపోవుట మన గ్రామములలో పలువురు ఎరిగినదే. ఈ స్వభావమును తెలిసికొన్నవారికి తప్పిపోయిన పిల్లిని వెదకుట అంత కష్టము కాదు. తెలియనివారు ఊరంతయు తిరిగి, గొంతు బొంగురుపోవునట్లు పిలిచి, నిరాశతో ఇల్లు చేరుదురు. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతయు వెదకినట్లు అను సామెత ఇచ్చట తరచుగా నిజమగుచుండును.

కాకినాడ జిల్లాలో, పిఠాపురమునకు చేరువను, సముద్రపుటొడ్డున ఉప్పాడ అను గ్రామము కలదు. ఒక ప్రక్క మగ్గముల చప్పుడు, మరియొక ప్రక్క కెరటముల ఘోష ఆ యూరివారికి నిత్యము వినవచ్చుచుండును. అచ్చటి నేతగాండ్రు పడుగు నడుమ చిన్న చిన్న దారములను చేతితో చొప్పించి పూవులను, లతలను నేయు జాందానీ చీరలు దేశమంతట ప్రసిద్ధి గాంచినవి. ఆ చీరలకు 2009 వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించెను. బెస్తవారి ఇండ్లలో వలలు, ఎండుచేపలు ఉండును. నేతవారి ఇండ్లలో నూలుకండెలు, పట్టుదారములు ఉండును. ఎలుక ఈ రెంటికిని శత్రువే. కావున రెండు పేటలయందును పిల్లికి పని కలదు.

ఇట్టి గ్రామమున ఒక నేతవారి యింట పుట్టిపెరిగి, ఎన్నడును గడప దాటి యెరుగని పిల్లి యొకటి యున్నదనుకొనుడు. ఒకనాటి సాయంకాలము ఎవరో తలుపు ఓరగా విడిచిరి. పిల్లి వెలుపలికి జారెను. ఇప్పుడది ఏమి చేయును?

అది దూరదేశములకు పయనమై పోవునని మనము తలంతుము. కాని జరుగునది వేరు. పిల్లి వేటాడు జంతువే యైనను, తనకంటె పెద్ద జంతువులకు ఆహారమగు చిన్న ప్రాణి కూడ. పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా ప్రాంతములందు తిరుగు ఒక జాతి అడవిపిల్లి నుండి మన పెంపుడు పిల్లులు పుట్టినవి. సైప్రస్ ద్వీపమున సుమారు 9,500 సంవత్సరముల నాటి సమాధిలో మనుష్యుని ప్రక్కనే పిల్లిని పాతిపెట్టిన జాడ దొరకినట్లు 2004 లో పండితులు ప్రకటించిరి. ఇన్ని వేల యేండ్లు మనతో కలిసి బ్రతికినను, పిల్లి తన పూర్వుల భయమును విడువలేదు. తెలియని చోట పడినప్పుడు అది దగ్గరనున్న మరుగును చేరి, కదలక మెదలక కూర్చుండును. అరచినచో శత్రువునకు చోటు తెలియును గనుక, యజమానుడు పిలిచినను బదులు పలుకకుండుట కలదు. అది కృతఘ్నత కాదు, ప్రాణభీతి.

పిల్లి జత్రువులు మన జత్రువులవలె భుజములకు బిగిసి యుండవు. అందుచేత తల దూరిన సందున దాని యొడలును దూరగలదు. కనుక వెదకువారు పెద్ద చోట్లనే కాక, పిల్లి పట్టదని మనము తలంచు సందులను కూడ చూడవలెను.

తప్పిపోయిన పిల్లులను గూర్చి 2018 లో ఒక పరిశోధన వెలువడెను. 1,210 పిల్లుల యజమానులు తెలిపిన విషయములు అందు పరిశీలింపబడెను. దొరకిన పిల్లులలో నూటికి డెబ్బదియైదు, తప్పిపోయిన చోటినుండి 500 మీటర్ల లోపలనే దొరకినవి. ఎల్లప్పుడును ఇంటిలోనే పెరిగిన పిల్లులు, బయట తిరుగ నలవాటు పడిన పిల్లులకంటె తక్కువ దూరమే పోయినవి. మూడింట ఒక వంతు పిల్లులు వారము దినములలో సజీవముగా లభించెను. తొంబది దినములు గడచిన పిమ్మట దొరకినవి మిక్కిలి కొలది. దీనినిబట్టి రెండు సంగతులు స్పష్టమగుచున్నవి: దగ్గరనే వెదకవలెను, వెంటనే వెదకవలెను.

మొట్టమొదట ఇల్లే వెదకవలెను. గుంటమగ్గములో నేతగాడు కాళ్ళుంచు గుంట, అటక, బియ్యపుబస్తాల వెనుక, పరుపుచుట్టల నడుమ చూడవలెను. ఇంట లేదని నిశ్చయమైన తరువాత, అది ఏ ద్వారమున వెలుపలికి పోయినదో ఆ చోట నిలిచి, నేలమీదికి వంగి, పిల్లి కంటి యెత్తున చుట్టును పరికింపవలెను. నిలుచున్న మనుష్యునికి కనబడని మరుగులు అప్పుడు కనబడును. అచ్చటనుండి గోడల వెంబడి, ఒక్కొక్క యిల్లు దాటుచు, వలయములుగా వెదకుచు పోవలెను. ఇరుగుపొరుగువారిని ‘మా పిల్లిని చూచితిరా?’ అని అడిగిన చాలదు. వారి వంటచెరకుకొట్టు, పాక, తాళము వేసిన గది తెరచి చూపుమని వినయముతో కోరవలెను. తెరచిన తలుపున దూరిన పిల్లి, తలుపు మూసినప్పుడు లోపలనే చిక్కుకొనును. అట్లు చిక్కినది ఆకలికంటె ముందు దాహముచేత కృశించును. కొన్ని దినములు తిండి లేకున్నచో దాని కాలేయమే చెడును. ఒక్క తాళపుచెవి తిప్పుటలో ఒక ప్రాణము నిలుచుట కలదు.

వెదకుటకు మంచి వేళ ఊరు సద్దుమణిగిన రాత్రి, లేదా తెలతెలవారు సమయము. పిల్లి కంటి లోపల వెలుగును త్రిప్పికొట్టు అద్దమువంటి పొర కలదు. టార్చిదీపపు కాంతి దానిపై పడినచో కన్నులు మిణుకుమని మెరయును. ఆ వెలుగు వచ్చిన దారినే మరలును గనుక, దీపమును నడుమునొద్ద కాక, మన కంటికి చేరువగా పట్టుకొనవలెను. అప్పుడే ఆ మెరుపు మనకు కనబడును.

పిల్లి తన యజమానుని కంఠమును ఇతరుల కంఠమునుండి వేరుపరుపగలదని 2013 లోను, తన పేరును ఇతర పదములనుండి గుర్తింపగలదని 2019 లోను జపాను శాస్త్రజ్ఞులు ప్రయోగములచే చూపిరి. కాన దానిని ప్రతిదినము అన్నము పెట్టి పిలుచువారే, ఎప్పటి స్వరముతోనే, మెల్లగా పిలువవలెను. పదిమంది పిల్లలు గుంపుగూడి కేకలు వేసినచో దాగిన పిల్లి మరింత లోనికి పోవును. పిలిచి, కొంతసేపు ఊరకుండి, చెవి యొగ్గి వినవలెను. తలుపునొద్ద అది పండుకొను గుడ్డను, వేడి చేపముక్కను ఉంచినచో వాసన దారి చూపును. కనబడిన వెంటనే పరుగెత్తి పట్టుకొనరాదు. నేలపై కూర్చుండి, దానినే మనయొద్దకు రానీయవలెను. బెదరిన పిల్లి తన వారినైనను రక్కును, కరచును. కరచినచో గాయమును సబ్బుతోను ధారగా పారు నీటితోను పదునైదు నిమిషములు కడిగి, తప్పక వైద్యునియొద్దకు పోవలెను. పిచ్చికుక్క కాటువలన వచ్చు వ్యాధి పిల్లి కాటువలనను రాగలదు.

ఉప్పాడలో మరియొక అపాయము కలదు. అచ్చట సముద్రము ఏటేట ఒడ్డును కోయుచు, ఎన్నియో ఇండ్లను తన గర్భమున కలుపుకొన్నది. కూలిన గోడలును, కోతను ఆపుటకు వేసిన పెద్దరాళ్ళును తీరమున పడియున్నవి. ఆ రాళ్ళ సందులు, ఒడ్డుకు లాగి యుంచిన పడవల అడుగులు బెదరిన పిల్లికి చక్కని మరుగులు. కాని పోటు వచ్చినప్పుడు ఆ మరుగే మృత్యుముఖమగును. సముద్రమున దినమునకు రెండు పోటులు, రెండు ఆటులు కలుగును. నేడు పోటు వచ్చిన వేళకు రేపు రాదు. సుమారు ఏబది నిమిషములు ఆలస్యముగా వచ్చును. అమావాస్యా పౌర్ణములనాడు పోటు మిక్కుటము. ఈ లెక్క బెస్తవారికి కరతలామలకము. వారిని అడిగి, ఆటు సమయమున, పెద్దలను వెంటబెట్టుకొని మాత్రమే ఆ రాళ్ళను వెదకవలెను. పిల్లిపై ఎంత ప్రేమ యున్నను, బాలురు ఒంటరిగా ఆ దిక్కునకు పోరాదు.

తుపాను కాలమున జాగ్రత్త మరింత అవసరము. 1996 నవంబరు 6 వ తేదీన కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపాను గోదావరి మండలమునకు చేసిన కీడు పెద్దలకు నేటికిని జ్ఞాపకము. అట్టి హెచ్చరిక వచ్చి ఇల్లు విడువవలసినప్పుడు మూటలు కట్టు సందడిలో తలుపులు తెరచి యుండును. గాలిహోరుకు బెదరిన పిల్లి పరుగుతీయును. కావున మూటలకంటె ముందుగా పిల్లిని మూతగల బుట్టలో ఉంచవలెను. సాధారణ దినములలో ఆ బుట్టయందే అప్పుడప్పుడు అన్నము పెట్టి అలవాటు చేసినచో, ఆపత్కాలమున అది పెనుగులాడదు.

ఇన్ని ఉపాయములకును మూలమొక్కటే. మనము పోయిన పిల్లిని మన మనస్సుతో కాక, దాని మనస్సుతో వెదకవలెను. ‘నేను ఎచ్చట వెదకుదును?’ అని కాక, ‘నేను చిన్నదాననై, బెదరినదాననై యున్నచో ఎచ్చట దాగుదును?’ అని ప్రశ్నించుకొనవలెను. అట్లు ప్రశ్నించుకొన నేర్చినవాడు పిల్లినే కాదు, నోరు విడిచి తన బాధ చెప్పుకొనలేని ఏ ప్రాణినైనను ఆదుకొనగలడు.